నలభై ఏళ్లు... ఒకే ప్రశ్న

ఆంద్రేయా పుర్గతోరి 2023 జూలై 19న రోమ్‌లో కన్నుమూశారు. ఆయనకు డెబ్బై ఏళ్లు. అంతకు నెల తిరక్కముందే, జూన్ 22న, ఆయన వదలకుండా పట్టుకున్న ఒక కేసుకు నలభై ఏళ్లు నిండాయి. ఆ వారమే, జూన్ 25 ఆదివారం మధ్యాహ్నం, పోప్ ఫ్రాన్సిస్ ప్రార్థన ముగించి సెయింట్ పీటర్స్ చౌకంలోని జనంతో ఒక అమ్మాయి పేరు చెప్పారు. ఆమె కుటుంబానికి, ముఖ్యంగా తల్లికి, తాను తోడున్నానన్నారు.

ఆ అమ్మాయి పేరు ఎమాన్యుయేలా ఓర్లాండి. పదిహేనేళ్ల వయసులో సంగీతం క్లాసుకు వెళ్లి తిరిగి ఇంటికి రాలేదు. 1983లో ఏ విలేకరి రాసినా ఇంతే రాసేవాడు, ఇవాళ రాసినా ఇంతకంటే ఖాయంగా రాయగలిగింది లేదు. ఈలోగా పోపులు మారారు, ఇటలీలో ప్రభుత్వాలు వచ్చిపోయాయి, లీరా చెల్లని కాసై యూరో వచ్చింది. ఆమె ఏమైందో ఎవరూ తేల్చలేదు.

పుర్గతోరీ తేల్చలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. విలేకరుల మీద రాసే వ్యాసాల్లో చివరికి చిక్కుముడి విప్పిన వీరుడు కనిపించడం రివాజు. ఇక్కడ ఆ సుఖం లేదు. మరి ఆయన పోయినప్పుడు ఇటలీ పత్రికలు ఒక గురువు పోయినట్టు ఎందుకు బాధపడ్డాయి? ఎన్నడూ ఆయన్ను కలవని, ఇటాలియన్ ముక్క రాని మాలాంటి తెలుగు జర్నలిస్టులకు కూడా ఆయన పనిలో నేర్చుకోవలసింది ఎందుకు కనిపిస్తుంది? మన వృత్తిలో చాలామందిది ఏకలవ్య శిష్యరికమే. గురువుకు మన మొహం తెలియదు, మనకు ఆయన పని తెలుసు. పుర్గతోరి విషయంలో నాదీ అదే దారి.

ఫ్లూట్ క్లాసుకు వెళ్లిన అమ్మాయి

ఎమాన్యుయేలా వాటికన్ పౌరురాలు. తండ్రి ఎర్కోలె పోప్ కొలువులో చిన్న ఉద్యోగి. తాతల కాలం నుంచీ ఆ కుటుంబం పోపుల సేవలోనే ఉంది. గోడల లోపలే ఇల్లు, ఐదుగురు పిల్లలు. వాటికన్ తోటలే వాళ్ల ఆటస్థలం. ప్రపంచంలో ఇంతకంటే భద్రమైన చోటు ఉండదనుకునే పెరిగామని అన్న పియెత్రో ఎన్నోసార్లు చెప్పాడు.

1983 జూన్ 22 బుధవారం. ఎండ మండిపోతోంది. ఫ్లూట్ క్లాసుకు బయల్దేరుతూ ఎమాన్యుయేలా తనను దింపి రమ్మని అన్నను అడిగింది. అతనికి వేరే పనుంది, కుదరదన్నాడు. కాసేపు వాదులాట. అమ్మాయి విసురుగా తలుపేసుకుని వెళ్లిపోయింది. ఆ తలుపు చప్పుడు గురించి పియెత్రో నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ప్రతి ఇంట్లో వారానికి రెండుసార్లు జరిగే తగువే అది. మామూలుగా అయితే రాత్రి భోజనాల వేళకు ఎవరికీ గుర్తుండదు.

సంగీత పాఠశాల రోమ్ నడిబొడ్డున, సంత్ అపోలినారె బసిలికాను ఆనుకుని ఉన్న భవనంలో ఉండేది. సాయంత్రం ఏడు ప్రాంతంలో ఆమె ఇంటికి ఫోన్ చేసింది. అక్క తీసింది. దారిలో ఒకాయన ఆగి, ఒక ఫ్యాషన్ షోలో ఏవన్ సౌందర్య సాధనాలు పంచిపెట్టే పని ఉందన్నాడనీ, 3,75,000 లీరాలు ఇస్తానన్నాడనీ చెప్పింది. ఒక్క పూట పనికి అంత డబ్బు ఎవరూ ఇవ్వరు. అమ్మ వచ్చాక మాట్లాడదాం, ముందు ఇంటికి రా అంది అక్క. తర్వాత బస్టాపు దగ్గర తోటి విద్యార్థినులు ఆమెను చూశారు. ఆపైన ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లోవాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్తే, స్నేహితులతో ఎక్కడికైనా వెళ్లి ఉంటుంది, కాస్త ఆగి చూడండన్నారు. మర్నాడు గానీ ఫిర్యాదు నమోదు కాలేదు.

ఈ మాట రోమ్‌లోనే కాదు, మన స్టేషన్లలోనూ వినిపిస్తుంది. ‘ఇరవై నాలుగు గంటలు ఆగండి’ అనే నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. పిల్లలు తప్పిపోయారని ఎవరైనా వస్తే వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలనీ, అపహరణో అక్రమ రవాణాయో జరిగిందని భావించే దర్యాప్తు మొదలుపెట్టాలనీ సుప్రీంకోర్టు 2013 మే 10న స్పష్టంగా చెప్పింది. చెప్పి పదేళ్లు దాటింది. ఇప్పటికీ కౌమార వయసు ఆడపిల్ల కనబడకపోతే ముందు వచ్చే ప్రశ్న ‘ఎవరితోనైనా మాట్లాడుతుండేదా?’ అనే. మర్నాటి జిల్లా పేజీలో ‘ప్రేమ వ్యవహారమే కారణమా?’ అని మనమూ ఒక ప్రశ్నార్థకం తగిలిస్తాం. దానికి ఆధారం అడిగే డెస్కులు తక్కువ.

గోడ మీద పోస్టరు

ఓర్లాండి కుటుంబం చేతనైంది చేసింది. పేపర్లలో ప్రకటన ఇచ్చింది, పోస్టర్లు అచ్చువేయించి రోమ్ అంతా అంటించింది. ఇవాళ్టికీ ఇటలీలో ఆ పోస్టరు చూడనివాళ్లు ఉండరు. నలుపు తెలుపు ఫొటో. నుదుటికి అడ్డంగా కట్టుకున్న పట్టీ, పొడవాటి నల్లటి జుట్టు, పెదవుల మీద నవ్వు. కింద నాలుగు ముక్కలు: ఎత్తు 1.60 మీటర్లు, జీన్స్ ప్యాంటు, తెల్ల చొక్కా, స్పోర్ట్స్ బూట్లు. దాని కింద ఇంటి ఫోన్ నంబరు.

ఆ నంబరే కొంప ముంచిందనిపిస్తుంది. మూడో రోజు నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ‘పియెర్‌లుయిజి’నంటూ ఒకడు, ‘మారియో’నంటూ ఇంకొకడు. ఏవన్ సరుకు అమ్ముకుంటున్న అమ్మాయిని చూశామంటారు, పెళ్లికి ఇంటికొస్తుందంటారు. ఫ్లూటు, కళ్లద్దాలు వంటి నిజమైన వివరాలు కొన్ని కలిపి చెప్పేవారు. ఎవరు ఆకతాయో, ఎవరికి నిజంగా ఏమైనా తెలుసో పోల్చుకోవడం కష్టం.

జూలై 3 ఆదివారం పోప్ జాన్ పాల్ 2 ఎమాన్యుయేలా పేరు చెప్పి, ఈ కేసులో బాధ్యత ఉన్నవారి మానవత్వానికి విజ్ఞప్తి చేస్తున్నానన్నారు. అప్పటిదాకా అది ఒక అమ్మాయి తప్పిపోయిన కేసు. అపహరణ అని పోలీసులు కూడా తేల్చలేదు. పోప్ నోట ఆ మాట వచ్చేసరికి దారే మారిపోయింది. రెండు రోజుల్లో విదేశీ యాసలో మాట్లాడే మరొక మనిషి ఫోన్ చేశాడు. పత్రికలు అతనికి ‘అమెరికన్’ అని పేరు పెట్టాయి. అమ్మాయి మా దగ్గరే ఉంది, మెహ్మెత్ అలీ అగ్జాను విడిచిపెడితే ఆమెను వదులుతామన్నాడు. 1981 మే 13న సెయింట్ పీటర్స్ చౌకంలో పోప్ మీద కాల్పులు జరిపిన తుర్కీ దేశస్థుడే అగ్జా. ‘అమెరికన్’ జూలై 20 గడువు పెట్టాడు. ఒక టేపు వినిపించాడు. అందులో ఒక ఆడపిల్ల గొంతు, ఫలానా స్కూల్లో చదువుతానని పదేపదే చెబుతుంది. గడువు దాటింది. ఏమీ జరగలేదు. అమ్మాయి బతికి ఉన్నట్టు నికరమైన రుజువు ఒక్కటీ రాలేదు.

ఈ ఘట్టంలో పత్రికల పాత్ర గురించి ఎంతైనా రాయవచ్చు. ఫోన్లు, ఉత్తరాలు పేపరాఫీసులకూ వచ్చేవి. వచ్చింది వచ్చినట్టు అచ్చయ్యేది. పంపేవాడికి కావలసిందీ అదే. అప్పటికి ముప్పై ఏళ్ల విలేకరి పుర్గతోరి ఇటలీలో అతి పెద్ద దినపత్రిక కొరియెరె దెల్లా సెరాలో పనిచేస్తూ ఈ హడావిడి మధ్యే కేసులోకి దిగారు.

అంతకు మూడేళ్ల ముందు ఒక ఫోన్ కాల్

ఆయన మీద ఈ కేసు ఊరికే వచ్చి పడలేదు. అప్పటికే ఆయనకు ‘అధికారులు చెప్పేది అబద్ధం’ అని రాసి నిలబడ్డ విలేకరి అన్న పేరుంది. దానికి కారణం ఉస్తికా.

1980 జూన్ 27 రాత్రి. బొలోన్యా నుంచి పలెర్మో వెళ్తున్న ఇటావియా సంస్థ డీసీ-9 విమానం ఉస్తికా దీవి దగ్గర సముద్రంలో కూలిపోయింది. 81 మంది పోయారు. విమానంలో లోపం వల్లే కూలిందన్న మాటే మొదట అంతటా వినిపించింది. పుర్గతోరికి ఆ రాత్రే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో తెలిసినాయన నుంచి ఫోన్ వచ్చింది. విమానం కూలలేదు, కూల్చారన్నాడు ఆయన. పుర్గతోరి ఆ దారి పట్టుకున్నారు. ఇక వదల్లేదు. రాడార్ రికార్డులు మాయమవుతాయి, సాక్షులు మాట మారుస్తారు, సైన్యం నోరు విప్పదు. అడిగిన ప్రశ్నల్లా తగిలి వెనక్కి వస్తాయి. ఆ అనుభవం మీదే 1991లో మార్కో రీసి ‘రబ్బరు గోడ’ అనే సినిమా తీశాడు. దాని రచయితల్లో పుర్గతోరి ఒకరు. కథానాయకుడు ఒక విలేకరి.

1999లో విచారణ న్యాయమూర్తి రొసారియో ప్రియోరె, అది బయటికి చెప్పని ఒక గగనతల యుద్ధంలో జరిగిన కూల్చివేత అని రాశారు. 2013లో ఇటలీ సర్వోన్నత న్యాయస్థానం క్షిపణి వాదనకు మొగ్గి, బాధిత కుటుంబాలకు ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని నిర్ధారించింది. నేరం చేసినవాడి పేరు మాత్రం ఏ తీర్పులోనూ లేదు. సముద్రం అడుగు నుంచి తీసిన ఆ విమాన శకలాలు ఇప్పుడు బొలోన్యాలో ఒక మ్యూజియంలో ఉన్నాయి. పైకప్పు నుంచి 81 దీపాలు వేలాడుతూ, ఊపిరి తీసినట్టు వెలుగుతూ మలుగుతూ ఉంటాయి. పుర్గతోరి పోయిన ఆరు వారాలకు మాజీ ప్రధాని జులియానో అమాతో, అది ఫ్రెంచి క్షిపణి అని నమ్ముతున్నానని ఒక ఇంటర్వ్యూలో బాహాటంగా అన్నారు. దాని మీద దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చలో మొదటి కుర్చీ వేయవలసిన మనిషే లేకుండా పోయారు.

ఉస్తికా ఆయనకు నేర్పిన పాఠం ఒకటుంది. అధికారి చెప్పిన జవాబును ఆయన జవాబుగా తీసుకోలేదు, అతను ఎందుకలా చెబుతున్నాడన్న కొత్త ప్రశ్నగా తీసుకున్నారు. ఓర్లాండి కేసులో ఇది ఆయన బలమైంది. నా అంచనాలో కొన్నిచోట్ల బలహీనత కూడా అయింది. దానికి తర్వాత వస్తాను.

సమాధులు తెరిచారు

తొంభైలు వచ్చేసరికి కేసు దాదాపు చల్లబడింది. 2005లో ఒక అజ్ఞాత వ్యక్తి, తప్పిపోయినవాళ్ల కోసం రాయ్ 3 చానెల్ నడిపే టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి, ఎమాన్యుయేలా సంగతి తెలియాలంటే సంత్ అపోలినారె బసిలికాలో ఎవర్ని పాతిపెట్టారో చూడండన్నాడు. ఆ బసిలికా అమ్మాయి చదివిన సంగీత పాఠశాల పక్కదే.

అక్కడ ఉన్నది ఎన్రికో దె పెదిస్. రోమ్‌ను గడగడలాడించిన మాల్యానా ముఠా నాయకుల్లో ఒకడు. 1990 ఫిబ్రవరిలో పట్టపగలు వీధిలో కాల్చి చంపారు. అలాంటివాడికి బసిలికాలో సమాధి ఎలా దొరికింది? చర్చికి దాత అని ఒక ధ్రువపత్రం, కార్డినల్ అనుమతి. ప్రశ్నలు రాకుండా ఎలా ఉంటాయి? 2008లో అతని మాజీ ప్రియురాలు ఒకామె, అమ్మాయిని ఎత్తుకుపోయింది ఈ ముఠాయేనని వాంగ్మూలం ఇచ్చింది. అందులో తేదీలకూ మనుషులకూ పొంతన కుదరని చోట్లు చాలా ఉన్నాయి. 2012 మే 14న ఆ సమాధి తెరిచారు. దె పెదిస్ ఉన్నాడు, ఎమాన్యుయేలా లేదు.

2019లో మరో ఘట్టం. కుటుంబానికి అప్పటికే ఒక అనామక సందేశం అంది ఉంది. వాటికన్‌లోని తెవుతోనికో శ్మశానంలో దేవదూత విగ్రహం ఎటు చూపిస్తుందో అటు వెతకండి అని. జూలై 11న వాటికన్ స్వయంగా రెండు సమాధులు తెరిపించింది. పంతొమ్మిదో శతాబ్దపు రాచకుటుంబ స్త్రీలవి. లోపల ఎమాన్యుయేలా అవశేషాలు లేవు, ఆ రాచస్త్రీల ఎముకలూ లేవు. రెండూ ఖాళీ. ఇలాంటి మలుపు సినిమాలో పెడితే అతి అంటాం.

న్యాయవ్యవస్థ సంగతీ ఇలాగే ఉంది. 2015లో రోమ్ ప్రాసిక్యూటర్ల కోరిక మేరకు కేసును మూసేశారు. అప్పుడు రోమ్ ప్రాసిక్యూషన్ అధిపతి జుసెప్పె పిన్యతోనె. 2019లో ఆయనే వాటికన్ న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యారు. ఇందులో తప్పు జరిగిందనడానికి ఆధారం ఏమీ లేదు. చూసేవాళ్ల మనసులో ముల్లు గుచ్చుకున్నదీ నిజమే.

ఇన్నాళ్లూ పుర్గతోరి ఏం చేశారు? 2000లో కొరియెరె వదిలారు. సినిమాలు రాశారు. మాఫియా చంపిన యువ న్యాయమూర్తి రొసారియో లివాతినో మీద ఒకటి, 1985లో ఇరవై ఆరేళ్లకే కమోర్రా ముఠా హత్య చేసిన నేపుల్స్ విలేకరి జాన్‌కార్లో సియానీ మీద ఇంకొకటి. గ్రీన్‌పీస్ ఇటలీ శాఖకు అధ్యక్షుడిగా ఉన్నారు. హాస్య చిత్రాల్లో వేషాలు వేశారు, ‘అంగారకుడి మీద ఫాసిస్టులు’ అనే వెటకారపు సినిమాలో కూడా ఉన్నారు. ఈ చివరి సంగతి తెలిసినప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ముప్పై ఏళ్లు శవాల కేసులు మోసిన మనిషి నవ్వడం మరచిపోలేదు. 2017 నుంచి లా-7 చానెల్లో ‘అట్లాంటిడె’ అనే పరిశోధన కార్యక్రమం నడిపారు. అందులో ఓర్లాండి కేసు మళ్లీ మళ్లీ వచ్చేది.

కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు మాత్రమే కెమెరా పట్టుకెళ్లే పద్ధతి ఆయనది కాదు. తర్వాత తర్వాత పియెత్రోకు ఆయన స్నేహితుడయ్యారు. విలేకరికీ బాధితుడి కుటుంబానికీ మధ్య దూరం ఉండాలని జర్నలిజం పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది మంచి సూత్రమే. నలభై ఏళ్లు నడిచే కేసులో ఆ దూరం ఎంతకాలం పాటించగలం? ఎవరైనా పాటించానంటే నాకు నమ్మబుద్ధి కాదు. అడగవలసింది, ఆ దగ్గరితనం వల్ల వార్తకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అనే.

ప్రపంచం చూసిన నాలుగు భాగాలు

మన దగ్గర చాలామంది పుర్గతోరిని చూసింది నెట్‌ఫ్లిక్స్‌లో. 2022 అక్టోబరులో వచ్చిన ‘వాటికన్ గర్ల్’ నాలుగు భాగాల డాక్యుమెంటరీలో దారి చూపేది ఆయనే. నెరిసిన గడ్డం, తొందర లేని మాట. చేతిలో జవాబున్న మనిషి తీరు కాదు అది, ఫైలు ఇంకా బల్ల మీదే ఉన్న మనిషి తీరు.

ఆ సిరీస్ చాలా సిద్ధాంతాలను వరసగా పేరుస్తుంది. అగ్జా విడుదల కోసం ఎత్తుకుపోయారన్నది ఒకటి. వాటికన్ బ్యాంకుతో ముడిపడిన బాంకో అంబ్రొసియానో దివాలాతో డబ్బు మునిగిన ముఠాలు వాటికన్‌ను బెదిరించడానికి చేశారన్నది రెండోది. ఆ బ్యాంకు అధిపతి రొబెర్తో కాల్వి 1982 జూన్‌లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద వేలాడుతూ దొరికాడు కాబట్టి ఆ కథలో ఉత్కంఠకు కొదవ లేదు. అమ్మాయిని లండన్‌కు తరలించి ఏళ్ల తరబడి దాచారన్నది మూడోది. 2017లో బయటికొచ్చిన ఐదు పేజీల ఖర్చుల పట్టిక దీనికి ఆధారమంటారు. అది నకిలీ అంటుంది వాటికన్. చివరి భాగంలో ఎమాన్యుయేలా స్నేహితురాలు మొహం చూపకుండా ఒక విషయం చెబుతుంది. పోప్‌కు దగ్గరి మనిషి ఒకరు తనతో అసభ్యంగా ప్రవర్తించారని అమ్మాయి తనతో చెప్పుకుందట.

ఇందాక తర్వాత వస్తానన్న మాట ఇదే. పుర్గతోరికి బెదిరింపు సిద్ధాంతం మీద మొగ్గు ఉంది. పెద్ద సంస్థలు అబద్ధం చెబుతాయని ఉస్తికాలో కళ్లారా చూసిన మనిషికి ఆ మొగ్గు సహజం. కానీ ఒక అంతర్జాతీయ కుట్రకు చోటు దొరికేకొద్దీ, ఫుట్‌పాత్ మీద ఏవన్ పని ఆశ చూపిన ఆ మగవాడు కథలో చిన్నవాడైపోతాడు. సౌందర్య సాధనాల పేరుతో ఆడపిల్లలను పిలిచేవాడు ప్రతి నగరంలోనూ ఉంటాడు. అతన్ని గట్టిగా వెతకవలసిన మొదటి వారాల్లో దేశమంతా తుర్కీ వైపు చూస్తోంది. సిరీస్ చూస్తున్నంతసేపూ నాకు ఇదే మింగుడుపడలేదు. స్నేహితురాలి మాట అన్నింటికంటే సాదాసీదాగా ఉంటుంది, నమ్మబుద్ధీ అవుతుంది. దాన్ని చివరి భాగందాకా దాచి పేల్చడం డాక్యుమెంటరీ బిగువు కోసమే తప్ప విచారణ కోసం కాదు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. మిరెల్లా గ్రెగోరి. ఈమె వయసూ పదిహేనే. ఊరూ రోమే. ఎమాన్యుయేలాకు ఆరు వారాల ముందు, 1983 మే 7న మాయమైంది. ఇంటి కింద నుంచి ఎవరో ఇంటర్‌ఫోన్‌లో పిలిచారు, బడి స్నేహితుడంది, ఇప్పుడే వస్తానని దిగి వెళ్లింది. తల్లిదండ్రులు బార్ నడుపుకునేవారు. వాటికన్ గోడలు లేవు, పోప్ లేడు, కార్డినళ్లు లేరు. అందుకే సిరీస్ కూడా రాలేదు. ఎమాన్యుయేలాను పట్టుకున్నామన్నవాళ్లు తమ ప్రకటనల్లో ఈమె పేరూ కలిపారు గనుక ఫైళ్లలో ఈమె మిగిలింది. అదృశ్యమైన పిల్లల్లో కూడా పత్రికలకు ముద్దుబిడ్డలు ఉంటారు. ఇది ఇటలీ వ్యాధి మాత్రమే కాదు. కాలనీ అపార్ట్‌మెంటు నుంచి తప్పిపోయిన బిడ్డకు మన ఛానెళ్లు మూడు రోజులు లైవ్ ఇస్తాయి. ఇటుకబట్టీ నుంచి తప్పిపోయిన బిడ్డ స్క్రోలింగ్‌లోకి కూడా ఎక్కదు.

మూసిన ఫైలు తెరుచుకుంది

సిరీస్ మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, అది చేసిన పని ఒకటి కాదనలేను. విడుదలైన మూడు నెలల్లోపే, 2023 జనవరి 9న, వాటికన్ ప్రాసిక్యూటర్ అలెస్సాండ్రో దిద్ది ఈ కేసుపై తొలిసారి సొంతంగా దర్యాప్తు తెరిచారు. మేలో రోమ్ ప్రాసిక్యూటర్లూ మళ్లీ ఫైలు తీశారు. మార్చిలోనే పార్లమెంటు దిగువసభ విచారణ సంఘానికి ఒప్పుకుంది. నాలుగు దశాబ్దాలు నోరు విప్పని వ్యవస్థలు ఐదు నెలల్లో మూడుచోట్ల కదిలాయి.

దీనంతటికీ సిరీస్ ఒక్కటే కారణం కాదు. పియెత్రో లేకపోతే ఏదీ లేదు. అతను కూడా ఒకప్పుడు వాటికన్ బ్యాంకులోనే ఉద్యోగం చేశాడు. కొలువిచ్చిన గుమ్మం ముందే నలభై ఏళ్లుగా ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. 2013లో కొత్తగా పోప్ అయిన ఫ్రాన్సిస్ ఎదురుపడితే, ‘ఎమాన్యుయేలా పరలోకంలో ఉంది’ అన్నారని అతను చెబుతాడు. ఆమె చనిపోయిందని పోప్‌కు ఎలా తెలుసు? ఆ ఒక్క వాక్యం పట్టుకుని పదేళ్లు అడిగాడు. 2023 ఏప్రిల్‌లో జాన్ పాల్ 2 గురించి టీవీలో అతను అన్న మాటలు పెద్ద దుమారం రేపాయి. అవి నిరాధారమని ఫ్రాన్సిస్ బహిరంగంగా ఖండించారు. ఆ విషయంలో పియెత్రో తూకం తప్పాడనే నా అభిప్రాయం. అయితే నలభై ఏళ్లు చెల్లెలి కోసం తిరిగిన మనిషి ప్రతి మాటా తూచి మాట్లాడాలని ఆశించడం కూడా అన్యాయమే.

అన్నకు అలసట రావడం, తూకం తప్పడం సహజం. అలాంటప్పుడు తేదీలు, పేర్లు, ఎవరు ఎప్పుడు ఏమన్నారో గుర్తుపెట్టుకుని పక్కన నిలబడే మనిషి ఒకరు కావాలి. పుర్గతోరి చేసింది అదే. 1983లో అక్కడ ఉండి, 2022లోనూ కెమెరా ముందు కూర్చుని ఆ తీగను తెగకుండా చూపించగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారు? దర్యాప్తు అధికారులు రిటైరయ్యారు. సాక్షులు పోయారు. తండ్రి ఎర్కోలె 2004లోనే పోయాడు. సంపాదకులు మారారు. విలేకరి మిగిలాడు.

ఆయన మరణమూ ప్రశాంతంగా ముగియలేదు. కొద్ది కాలపు జబ్బుతోనే పోయారు. రోగనిర్ధారణ సరిగా జరగలేదని కుటుంబం ఫిర్యాదు చేయడంతో రోమ్ ప్రాసిక్యూటర్లు దర్యాప్తు మొదలుపెట్టారు. జీవితమంతా ఇతరుల ఫైళ్లు తిరగేసిన మనిషి పేరు మీద కూడా ఒక ఫైలు తెరుచుకుంది.

2023 నవంబరు 9న సెనేట్ కూడా ఆమోదించడంతో ఎమాన్యుయేలా, మిరెల్లా ఇద్దరి అదృశ్యంపైనా ఉభయసభల విచారణ సంఘం ఏర్పాటు ఖాయమైంది. రెండో పేరు కూడా దాని శీర్షికలో ఉండడం నాకు అన్నింటికంటే సంతోషం కలిగించిన సంగతి. పుర్గతోరి అప్పటికి పోయి నాలుగు నెలలు కావస్తోంది. 2024లో సంఘం పని మొదలుపెట్టి, పాత సాక్షులను మళ్లీ ఒక్కొక్కరినీ పిలవసాగింది.

మన మాట ఒకటి చెప్పి ముగిస్తాను. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ‘అదృశ్యం’ వార్త లేని రోజు దాదాపు ఉండదు. ఫలానా కాలనీ, వయసు, వేసుకున్న బట్టల రంగు, ఆచూకీ తెలిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయగలరు. అంతటితో సరి. దొరికితే ఆ సంగతి రాయం, దొరక్కపోతే అసలే రాయం. పాఠకుడికి తెలిసేది మనిషి పోయిన రోజు ఒక్కటే. పుర్గతోరి లాగా నలభై ఏళ్లు పట్టుకోమని ఎవరూ అడగరు, అంత తీరిక ఇచ్చే యాజమాన్యమూ లేదు. ఇది చదువుతున్న జిల్లా విలేకరులకూ, డెస్కులోని మిత్రులకూ ఒక్క విన్నపం. నిరుడు ఇదే నెలలో మీరు వేసిన అదృశ్యం వార్తల్లో ఒకటి తీయండి. అందులో అచ్చయిన నంబరుకు ఓసారి ఫోన్ చేయండి. ఎఫ్‌ఐఆర్ కట్టారా, నాలుగు నెలలు దాటితే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపారా అని కుటుంబాన్ని అడగండి, తర్వాత స్టేషన్‌ను అడగండి. వాళ్లిచ్చిన జవాబును అచ్చు వేయండి.